అభ్యంతరాలు ఏమైనా ఉంటే

టైపు మిషను పోయి కంప్యూటరొచ్చినా
నలగొండ గడియారం కాడ
నా దుకాణం పేరు ఇంకా టైపు దుకాణమే.
భూమి పంచాయితులు, పింఛను దరఖాస్తులు,
పేరుల అక్షరం తప్పువడ్డ అఫిడవిట్లు.
ఇన్నేండ్లల్ల కాఫీ మీద అర్జీ కొట్టుడు
ఇదే మొదలు.

కాసం ఉప్పలయ్య వచ్చిండు, వెనుక జైనబ్బీ.
ఆయన చేతుల నలభై రెండు పేజీల ముసాయిదా.
పాత కాఫీ చట్టం తీసేసి కొత్తది తెస్తరట.
అభ్యంతరాలు ఏమైనా ఉంటే
ముప్పై దినాల లోపు రాతపూర్వకంగా.
ఇయ్యాల ఇరవై ఎనిమిది.

చాయ్ తాగే జిల్లా మాది.
కాఫీ తాగేది కోర్టు కాడ ఇద్దరు వకీళ్లు,
బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు,
పడిశం పడితే మా నాయన.
అయినా ప్రకాశం బజారు మలుపుల
ఉప్పలయ్య వేపుడు డ్రమ్ము తిరిగితే
పక్క దుకాణంల చీరె మడతలకు గూడ అదే వాసన.

చదివి చెప్పమన్నడు. చదివిన.
సాగుదారు అనగా, శుద్ధిదారు అనగా, వ్యాపారి అనగా.
అనగా అనగా అని కథ మొదలైనట్టే ఉంది,
రాజు మాత్రం ఎంతకీ రాడు.
వ్యక్తి అనగా కంపెనీ.
వ్యక్తి అనగా భాగస్వామ్య సంస్థ, సహకార సంఘం.
జైనబ్బీ తలుపు చెక్కకు ఆనుకొని అడిగింది:
"నేను ఏ సెక్షన్ల ఉన్న సారూ?"

పందొమ్మిదేండ్ల సంది ఆమెది ఒకటే పని.
పాడేరు బస్తా విప్పి చాటల పోసుకొని
రాయి, పుచ్చుగింజ, నల్లగింజ ఏరుడు.
కండ్లకు చత్వారమొచ్చింది,
వేళ్లకు రాలే.
మొన్న గింజల నడుమ ఎర్రపూస ఒకటి దొరికిందట,
కొండమీద కోసినామె దండ తెగి ఉంటదని
కొంగుల ముడేసుకున్నది.
"ఆమె పేరు సుత ఉన్నదా చూడు గా కాయితంల."
వెతికిన. రెండుసార్లు వెతికిన.

ఉప్పలయ్య అభ్యంతరాలు వేరు.
"వెయ్యి బస్తాలాయనకు, ఐదు బస్తాల నాకు
ఒకటే ఫీజా? రాయి.
చికోరీ పాలు ముందుదిక్కే అచ్చెయ్యాలెనట.
వేస్తం, నలభై తొమ్మిదని వేస్తం, దాచుడెందుకు?
అక్షరం గింత లావుండాలె, గింత ఎత్తుండాలె అంటే
నా పావుకిలో పొట్లం మీద
ఇగ నా పేరుకు జాగేది? రాయి."
అని, ఆగి, వాళ్ల నాయన ముచ్చట ఎత్తుకున్నడు.
పండిన గింజంతా బోర్డుకే పోయే దినాల్ల
వేలం చీటీ కోసం బెంగుళూరు పోయి
మూడు రాత్రులు వరండల పండుకున్నడట.
"గా కట్టుబాటు పోయిన్నాడు
డ్రమ్ముకు కొబ్బరికాయ కొట్టిండు మా నాయన.
గిప్పుడు కొత్తదొస్తుంది,
నేనేం కొట్టాలె?"

అడగకుండనే నేనొక పేరా కలిపిన:
దేంట్ల ఏ పాలెంతో రాసిన చట్టంల
నీళ్ల పేరెత్తలేదని.
బోరునీళ్లకు మోకాళ్లు వంగిన మనుషులను
రోజూ ఈ మెట్ల మీద చూసేటోన్ని,
చికోరీని తిట్టబుద్ధి కాదని.
"గది వేరే శాఖ, కొట్టెయ్" అన్నడు.
కొట్టేసిన.

ఆఖరుకు 'జతపరచినవి' అని కొట్టి చూసిన.
జైనబ్బీ కొంగు ముడి విప్పింది.
పూస తీస్తదనుకున్న. తియ్యలే.
పూస పక్కనున్న నల్లగింజ తీసి బల్ల మీద పెట్టింది.
జతపరచినవి: ఒకటి.

పోస్టాఫీసుల కవరు తడిమి అడిగింది క్లర్కమ్మ:
"లోపల గట్టిగ ఏందిది?"
"గదే అభ్యంతరం" అన్నడు ఉప్పలయ్య.
ఆమె నవ్వలే. గింజను తప్పించి
పక్కకు ముద్ర గుద్దింది.

రసీదు మడిచి జేబుల పెట్టుకుంటుంటే ఫోనొచ్చింది,
బస్టాండుల రెండు బస్తాలు దిగినయని,
ఒకటి తడిసిందని.
చిల్లర తీసుకునే లోపే
జైనబ్బీ రోడ్డు దాటింది.